చేతులతో నేర్చుకునే సైన్స్: 3 నుంచి 8వ తరగతి వరకు ప్రయోగ పాఠాలు నడిపే పద్ధతి

మన బడుల్లో ప్రయోగం అనగానే ఉపాధ్యాయుడు బల్ల మీద చేసి చూపించడం, పిల్లలు చుట్టూ మూగి చూడడం, ఆ తర్వాత నోటుపుస్తకంలో ఉద్దేశం, పరికరాలు, పద్ధతి, ఫలితం అనే శీర్షికల కింద బోర్డు మీద ఉన్నది ఎక్కించుకోవడం అలవాటుగా మారింది. అందులో పిల్లలు చేసిందేమీ లేదు. ఒక ప్రయోగం పాఠంగా మారాలంటే ఏం జరుగుతుందో పిల్లలు ముందే ఊహించి రాయాలి, తమ చేతులతో చేసి చూడాలి, ఊహకూ జరిగినదానికీ పొంతన కుదరకపోతే ఎందుకో వాదించుకోవాలి. ఈ మూడింటిలో ఊహించి రాయడమే అన్నిటికంటే ముఖ్యమైనదనీ, మన తరగతుల్లో ఎక్కువగా ఎగిరిపోయేది కూడా అదేననీ నా గట్టి నమ్మకం. ఊహ రాసిన పిల్లవాడు ఫలితం కోసం కాచుకొని ఉంటాడు. రాయనివాడు ఏది జరిగినా తనకు ముందే తెలుసునని అనుకుంటాడు.

ఈ మార్గదర్శి 3 నుంచి 8వ తరగతి వరకు పరిసరాల విజ్ఞానం, సామాన్య శాస్త్రం బోధించే ఉపాధ్యాయుల కోసం రాసినది. ఇంటి దగ్గర పిల్లలతో చేయించాలనుకునే తల్లిదండ్రులకు కూడా ఇది పనికొస్తుంది. తరగతిలో నలభై మంది పిల్లలు, నలభై అయిదు నిమిషాల పీరియడు, ప్రయోగశాల లేని బడి అనే పరిస్థితిని దృష్టిలో పెట్టుకొని ప్రతి మెట్టునూ వివరించాను.

పాఠానికి ముందు చేయవలసినవి

ముందుగా పాఠ్యాంశం పేరును పక్కనపెట్టి, ఆ పాఠంలో పిల్లలు జవాబు వెతకగల ప్రశ్న ఒకటి ఎంచుకోవాలి. "విత్తనాలు మొలకెత్తడం" అనేది పాఠం పేరు. "విత్తనం మొలకెత్తడానికి వెలుతురు కావాలా?" అనేది ప్రశ్న. మంచి ప్రశ్నకు రెండు లక్షణాలుంటాయి. దానికి పిల్లల్లో కనీసం రెండు రకాల జవాబులు రావాలి, ఆ జవాబుల్లో ఏది సరైనదో తరగతిలో ఉన్న వస్తువులతోనే తేల్చగలగాలి. అందరూ ఒకే జవాబు చెప్పే ప్రశ్నతో ప్రయోగం చేయించడం కాలయాపన.

ఆ తర్వాత ప్రయోగాన్ని ముందు రోజే, పిల్లలకు ఇవ్వబోయే సామానుతోనే ఒకసారి చేసి చూసుకోవాలి. ఇంట్లో మంచి పసుపుతో చేసి, బడిలో వేరే ప్యాకెట్టు పసుపు ఇస్తే రంగుల్లో తేడా రావచ్చు. దారం పొడవు, నీళ్ల పరిమాణం, పట్టే సమయం ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే మరుసటి ఏడాదికి కూడా అక్కరకొస్తుంది.

సామాను కోసం పెద్దగా ఖర్చు పెట్టనక్కరలేదు. మందుల సీసాలు, ఇంజక్షన్ సిరంజిలు (సూది తీసేసినవి, కొత్తవి), ఐస్‌క్రీం పుల్లలు, సైకిలు ట్యూబు ముక్కలు, ఇనుప నట్టులు, అగ్గిపెట్టెలు, దారపు ఉండ, టార్చి బల్బులు, అద్దం ముక్కలు ఉంటే ఏడాదిలో చేయించే ప్రయోగాల్లో చాలా భాగం జరిగిపోతాయి. పనికిరాని వస్తువులతో సైన్స్ బొమ్మలు చేయడాన్ని దేశమంతా పరిచయం చేసిన అరవింద్ గుప్తాకు 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన దారి మన బడులకు అచ్చంగా సరిపోతుంది. ఒక్కో జట్టుకు ఒక పాత చెప్పుల పెట్టె కేటాయించి, దాని మీద నంబరు వేసి, లోపల ఏమేం ఉన్నాయో మూత వెనక రాసి అంటించాలి. పీరియడు చివర పెట్టె సర్దే బాధ్యత జట్టుదే.

జట్టుకు నలుగురికి మించకూడదు. అయిదో పిల్ల ఎప్పుడూ చూస్తూ ఉండిపోతుంది. నలుగురికీ నాలుగు పనులుండాలి: ఒకరు చేస్తారు, ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు సామాను తెచ్చి పెడతారు. వారం వారం ఈ పనులు మారాలి. మార్చకుండా వదిలేస్తే చేసే పని మగపిల్లలకూ, రాసే పని ఆడపిల్లలకూ స్థిరపడిపోతుంది. దీన్ని ఉపాధ్యాయుడు కనిపెట్టి చూడకపోతే ఎవరూ చూడరు.

నలభై అయిదు నిమిషాల పంపకం

మొదటి అయిదు నిమిషాలు ప్రశ్న చెప్పి, వస్తువులు చూపించడానికి సరిపోతాయి. తర్వాతి అయిదు నిమిషాలు ఊహలకు కేటాయించాలి. ప్రతి ఒక్కరూ తన పుస్తకంలో "ఇలా జరుగుతుందని అనుకుంటున్నాను, ఎందుకంటే..." అని రెండు వాక్యాలు రాయాలి. చిన్న తరగతుల్లో బొమ్మ గీసినా చాలు. రాసినదాన్ని చేతులెత్తించి బోర్డు మీద లెక్క వేయాలి: ఇంతమంది ఇలా, ఇంతమంది అలా. ఈ దశలో ఏ ఊహకూ "శభాష్" అనకూడదు. ఉపాధ్యాయుడి ముఖంలోనే జవాబు వెతుక్కోవడంలో పిల్లలు ఆరితేరి ఉంటారు.

ఆ తర్వాత ఇరవై నిమిషాలు చేతిపనికి వదలాలి. ఈ సమయంలో ఉపాధ్యాయుడు జట్ల మధ్య తిరుగుతూ ప్రశ్నలు మాత్రమే అడగాలి: "ఇప్పుడేం మార్చారు? ఇంకేమైనా మారిందా? అదే మళ్లీ చేస్తే అంతే వస్తుందా?" మిగిలిన పదిహేను నిమిషాలు చర్చకు. చర్చకు సమయం మిగలకపోతే ప్రయోగం ఎంత బాగా జరిగినా పాఠం సగంలో ఆగినట్టే, కనుక చేతిపని ముగియకపోయినా దానికిచ్చిన ఇరవై నిమిషాలు కాగానే ఆపించి, మిగతాది మరుసటి పీరియడులో కొనసాగించడం మేలు.

పారిభాషిక పదాలు ఆఖరున రావాలి. ఆమ్లం, క్షారం, డోలన కాలం, అంకురణ వంటి మాటలను పిల్లలు ఆ విషయాన్ని కళ్లారా చూసి, తమ మాటల్లో చెప్పుకొన్న తర్వాత అందిస్తే, వాటిని బట్టీపట్టవలసిన అవసరం రాదు.

3 నుంచి 5వ తరగతి: పెసలు, నాలుగు గ్లాసులు

ప్రశ్న: గింజ మొలకెత్తడానికి ఏమేం కావాలి? పిల్లలు నీళ్లు, మట్టి, ఎండ, ఎరువు అని గబగబా చెబుతారు. వాటన్నిటినీ బోర్డు మీద రాసి, "ఇందులో ఏది లేకపోయినా మొలక రాదా? ఎలా తెలుసుకుందాం?" అని అడగాలి. ఒక్కొక్కటి తీసేసి చూద్దామనే ఆలోచన పిల్లల నుంచే రావాలి. కాస్త ఓపిక పడితే తప్పక వస్తుంది.

ఒక్కో జట్టుకు నాలుగు గ్లాసులు, దూది, లెక్కపెట్టిన పెసలు కావాలి. గ్లాసుకు ఇరవై చొప్పున వేయాలి. మొదటి గ్లాసులో పొడి దూది మీద గింజలుంచాలి. రెండోదానిలో తడి దూది మీద గింజలు పెట్టి కిటికీ దగ్గర, ఎండ నేరుగా తగలని చోట ఉంచాలి. మూడోది కూడా అచ్చం అలాగే తయారుచేసి బీరువాలో చీకట్లో పెట్టాలి. నాలుగోదానిలో మరిగించి చల్లార్చిన నీళ్లు నిండుగా పోసి, అడుగున గింజలు వేసి, పైన నూనె పొరలా పోయాలి. మరిగినప్పుడు నీటిలో కరిగి ఉన్న గాలి చాలావరకు పోతుంది. నూనె పొర కొత్త గాలిని లోపలికి రానివ్వదు.

రెండు మూడు రోజుల పాటు ఉదయం ప్రార్థన అయ్యాక ప్రతి జట్టూ ఎన్ని మొలకెత్తాయో లెక్కపెట్టి పట్టికలో రాయాలి, దూది ఆరిపోతే తడపాలి. పొడి గ్లాసులో ఏమీ జరగదు. కిటికీ దగ్గర మొలకలొస్తాయి. చీకటి గ్లాసులోనూ దాదాపు అన్నే వస్తాయి. పిల్లలు అవాక్కయ్యేది ఇక్కడే, ఎందుకంటే వెలుతురు లేనిదే మొలక రాదని తరగతిలో సగానికి పైగా రాసి ఉంటారు. నీళ్లలో మునిగినవి ఉబ్బుతాయి, ఒకటి రెండింటికి మొలక తొంగిచూసినా అక్కడే ఆగిపోయి, కొన్ని రోజులకు కుళ్లు వాసన వేస్తాయి.

పాఠాన్ని అక్కడ ముగించకుండా రెండు, మూడు గ్లాసులను మరో వారం అలాగే కొనసాగించాలి. చీకట్లో పెరిగిన మొక్కలు పాలిపోయిన పసుపు రంగులో, సన్నగా, పొడుగ్గా సాగి నిలబడలేక వాలిపోతాయి. పెసలు మొలకెత్తడానికి వెలుతురు అక్కర్లేదు, గింజలో దాచుకున్న ఆహారం అయిపోయాక ఎదగడానికి మాత్రం కావాలి. ఈ రెండు విషయాలను విడదీసి చూడగలగడం నాలుగో తరగతి పిల్లలకు చిన్న విషయం కాదు. మట్టి సంగతేమిటని అప్పటికి ఎవరో ఒకరు అడుగుతారు. దూది మీద మొలకలు కనిపిస్తూనే ఉన్నాయి కనుక జవాబు వాళ్లే చెప్పుకుంటారు.

ఏ గ్లాసుకు ఏం తేడా ఉందో ఒక్క మాటలో చెప్పమని ప్రతి జట్టునూ అడగడం మరవకూడదు. రెండు, మూడు గ్లాసులకు తేడా వెలుతురు ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలనే నియమాన్ని పిల్లలు మొట్టమొదట పట్టుకునేది ఇక్కడే.

6, 7 తరగతులు: పసుపు కాగితం నుంచి మందార నీళ్ల దాకా

ఒక చెంచా పసుపులో కొద్దిగా నీళ్లు కలిపి పలుచని ముద్దలా చేసి, తెల్ల కాగితం మీద రెండు వైపులా పూసి, నీడలో ఆరబెట్టి, వేలెడు పట్టీలుగా కత్తిరించుకోవాలి. ఇది ముందు రోజు చేయవలసిన పని. పరీక్షించడానికి నిమ్మరసం, చింతపండు పులుసు, మజ్జిగ, ఉప్పునీళ్లు, పంచదార నీళ్లు, బట్టల సబ్బు నీళ్లు, వంటసోడా కలిపిన నీళ్లు, కుంకుడు రసం, సున్నపు తేట సిద్ధం చేసుకోవాలి. సున్నాన్ని ముందు రోజు సాయంత్రం నీళ్లలో కలిపి కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని మాత్రమే తీసుకోవాలి. ఆ పని ఉపాధ్యాయుడే చేయాలి.

పిల్లలు ముందుగా ప్రతి ద్రవానికి ఎదురుగా "రంగు మారుతుంది, మారదు" అని ఊహ రాయాలి. తర్వాత ఒక్కో పట్టీ మీద ఒక్కో చుక్క వేసి చూడాలి, సున్నపు తేటను మాత్రం ఉపాధ్యాయుడే వేయాలి. సున్నపు తేట పడగానే పసుపు కాస్తా ఎర్రబారుతుంది. సబ్బు నీళ్లూ అంతే. వంటసోడా నీళ్లతో మార్పు కొంత మందంగా ఉంటుంది. నిమ్మ, చింతపండు, మజ్జిగ, ఉప్పు, పంచదార వేసిన చోట పసుపు పసుపుగానే మిగులుతుంది. పెళ్లిళ్లలో పాదాలకు పెట్టే పారాణిలోనూ, దిష్టి తీసే ఎర్రనీళ్లలోనూ జరిగేది ఇదేనని పిల్లలు తామే గుర్తుపడతారు. వాళ్ల ఇళ్లలో ఎప్పుడూ కనిపించే విషయమే కదా.

కుంకుడు రసం దగ్గర కాసేపు ఆగాలి. సబ్బులాగే నురగ వస్తుంది కనుక ఇదీ ఎర్రబారుస్తుందని దాదాపు అందరూ రాస్తారు, అయితే రంగు మారదు. నురగ రావడానికీ పసుపు ఎర్రబారడానికీ సంబంధం లేదని అప్పుడు తెలుస్తుంది. చూడడానికి ఒకేలా ఉన్న రెండు వస్తువులు అన్ని గుణాల్లోనూ ఒకేలా ఉండనక్కరలేదని పిల్లలకు ఇంత తేలికగా చెప్పగల ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

తర్వాత, ఎర్రబారిన పట్టీ మీద నిమ్మరసం చుక్క వేయించాలి. రంగు మళ్లీ పసుపులోకి తిరుగుతుంది. సబ్బు నీళ్లలోకి సిరంజితో నిమ్మరసాన్ని చుక్క చుక్కగా వదులుతూ, ఎన్ని చుక్కలకు పసుపు కాగితం ఎర్రబారడం మానేస్తుందో లెక్కించమంటే ఏడో తరగతి పిల్లలు తటస్థీకరణ అనే మాట వినకముందే ఆ పని చేసి ఉంటారు.

ఇప్పుడు అసలు చిక్కు ప్రశ్న వేయాలి: "ఉప్పునీళ్లకూ నిమ్మరసానికీ పసుపు కాగితం ఒకే జవాబు ఇచ్చింది. మరి అవి రెండూ ఒకటేనా?" పసుపు క్షారాన్ని పట్టిస్తుంది గాని, ఆమ్లానికీ తటస్థ ద్రవానికీ తేడా చెప్పలేదు. ఈ లోటు పిల్లలకు తెలిశాకే మందారను తీసుకురావాలి. ఎర్ర మందార రేకలు పది దాకా గ్లాసెడు వేడి నీళ్లలో వేసి పావుగంట ఉంచితే రంగు దిగుతుంది. ఆ నీటిని చిన్న సీసా మూతల్లో పోసుకొని, పాత వరుసలోనే ద్రవాలను చుక్కలుగా వేయించాలి. నిమ్మరసంతో మందార నీళ్లు నిగనిగలాడే గులాబి రంగుకు వస్తాయి, సున్నపు తేటతో ఆకుపచ్చకు తిరుగుతాయి, ఉప్పునీళ్లతో అలాగే ఉంటాయి. ఇప్పుడు మూడు గుంపులు ఏర్పడ్డాయి. ఆ మూడు గుంపులకు ఆమ్లాలు, క్షారాలు, తటస్థ పదార్థాలు అనే పేర్లు ఆ క్షణంలో చెప్పాలి, అంతకు ముందు కాదు. మందార దొరకని చోట నీలి శంఖుపూలు కూడా సూచికగా పనికొస్తాయి.

7, 8 తరగతులు: దారానికి కట్టిన నట్టు

లోలకం పాఠం కొలతలు నేర్పడానికి సాటిలేనిది. బల్ల అంచున పెన్సిలు అంటించి, దానికి దారం కట్టి, కొసన ఇనుప నట్టు వేలాడదీస్తే పరికరం సిద్ధం. గడియారానికి సెకన్ల ముల్లు ఉన్నా, ఫోనులో స్టాప్‌వాచ్ ఉన్నా చాలు.

ప్రశ్న: నట్టు త్వరగా ఊగాలంటే ఏం మార్చాలి? బరువు పెంచాలని కొందరు, గట్టిగా తోయాలని కొందరు, దారం తగ్గించాలని కొందరు అంటారు. ఒకసారికి ఒక్కటే మార్చాలనే నియమం పెసల దగ్గర నేర్చుకున్నదే కనుక, మూడు ప్రయోగాలు విడివిడిగా చేయాలని వాళ్లే చెబుతారు.

ఇక్కడ కొలతలో రెండు మెలకువలు నేర్పాలి. మొదటిది, ఒక ఊపును (నట్టు అవతలికి వెళ్లి, వదిలిన చోటికి తిరిగి రావడం) కొలవకుండా పది ఊపులు కొలిచి పదితో భాగించడం. గడియారం నొక్కడంలో కలిగే చిన్న ఆలస్యం అప్పుడు పది భాగాలవుతుంది. రెండోది, వదిలిన క్షణంలో "సున్నా" అనడం. పిల్లలు అలవాటు కొద్దీ వదలగానే "ఒకటి" అంటారు, దానితో తొమ్మిది ఊపులకే పది లెక్క పూర్తవుతుంది. 25 సెంటీమీటర్ల దారంతో ఒక జట్టుకు పది సెకన్లు, పక్క జట్టుకు తొమ్మిది వస్తే కారణం సాధారణంగా ఇదే. దిద్దకుండా రెండు జట్లనూ ఎదురెదురుగా నిలబెట్టి ఒకరి లెక్కింపును మరొకరు చూడమంటే తప్పు ఎక్కడుందో వాళ్లే పట్టుకుంటారు.

దారం పొడవును వేలాడదీసిన చోటు నుంచి నట్టు మధ్య వరకు కొలవాలి. 25 సెంటీమీటర్లకు పది ఊపులు సుమారు 10 సెకన్లు, 50కి సుమారు 14, 100కి సుమారు 20 పడతాయి. పొడవు నాలుగింతలైతే సమయం రెండింతలే అయిందని ఎనిమిదో తరగతి పిల్లలు ఈ మూడు అంకెల్లోనే చూడగలరు. వర్గమూలం గణితంలో అప్పటికే చెప్పి ఉంటే సంబంధాన్ని రాయించవచ్చు, లేకపోతే గ్రాఫు గీయించి వదిలేసినా నష్టం లేదు.

బరువు మార్చేటప్పుడు ఒక జాగ్రత్త ఉంది. నట్టు కింద నట్టు గొలుసులా వేలాడదీస్తే బరువుతో పాటు పొడవు కూడా పెరుగుతుంది, సమయం మారుతుంది, అప్పుడు బరువు వల్లే మారిందని తరగతి మొత్తం పొరపాటు నిర్ణయానికి వస్తుంది. అన్ని నట్టులనూ ఒకే ముడికి, ఒకే ఎత్తులో కట్టాలి. అలా చేస్తే బరువు రెండింతలైనా సమయం మారదు. ఊపు వెడల్పును కూడా మరీ ఎక్కువ చేయకూడదు. దారం నిలువు నుంచి పదిహేను డిగ్రీలకు లోపు ఉంటే వెడల్పు ప్రభావం ఈ కొలతల్లో కనిపించదు.

8వ తరగతి: అద్దం ముక్కతో సూర్యుణ్ణి కొలవడం

అరచేతిలో పట్టే అద్దం మీద నల్ల కాగితం అంటించి, అందులో అర సెంటీమీటరు భుజంతో నలుచదరపు కంత చేయాలి. దాన్ని ఎండలో ఒక ఇటుక మీద ఆనించి, పడిన వెలుగును తలుపు లోంచి చీకటి గదిలోని గోడ మీదకు మళ్లించాలి. అద్దానికి దగ్గరగా అట్ట పెడితే వెలుగు మచ్చ చతురస్రంగా ఉంటుంది. అట్టను దూరం జరిపేకొద్దీ మూలలు కరిగి, పది మీటర్ల దగ్గర గుండ్రని బిళ్ల అవుతుంది. కంత చతురస్రం, మచ్చ వృత్తం! ఎందుకో పిల్లలను ఆలోచించనివ్వాలి. కంతను త్రికోణంగా మార్చి చూస్తామని వాళ్లే అంటారు. అప్పుడూ గుండ్రంగానే పడుతుంది. ఆ బిళ్ల కంత ఆకారం కాదు, సూర్యుడి ప్రతిబింబం.

తర్వాత లెక్క. అద్దం నుంచి గోడకు 10 మీటర్లు ఉంటే బిళ్ల వ్యాసం సుమారు 9.3 సెంటీమీటర్లు వస్తుంది. అంచులు కొద్దిగా మసకగా ఉంటాయి కనుక మసక మధ్యలో కొలవమనాలి. బిళ్ల వ్యాసాన్ని దూరంతో భాగిస్తే వచ్చే నిష్పత్తే సూర్యుడి వ్యాసానికీ సూర్యుడి దూరానికీ మధ్య ఉంటుంది. దూరం 15 కోట్ల కిలోమీటర్లు అని ఇస్తే, వ్యాసం 13,95,000 కిలోమీటర్లు అని వస్తుంది. సూర్యుడి వ్యాసం సుమారు 13,90,000 కిలోమీటర్లు. కొలతలో నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా జవాబు దగ్గరగానే ఉంటుంది. ఇటుక, అద్దం ముక్క, స్కేలుతో ఇంత దూరాన ఉన్నదాన్ని కొలిచామన్న సంతోషం పిల్లల ముఖాల్లో చూసి తీరవలసిందే. ఈ పాఠంలో ఎవరూ సూర్యుడి వైపు గాని, అద్దంలోకి గాని చూడకూడదు. అద్దాన్ని ఉపాధ్యాయుడే అమర్చాలి.

ఏడాది పొడవునా: నీడ కర్ర

బడి ఆవరణలో అర మీటరు కర్రను లంబసూత్రంతో చూసి నిటారుగా పాతి, నెలకొకసారి ఉదయం 11 నుంచి ఒంటి గంట వరకు పావుగంటకొకసారి నీడ కొసను గుర్తుపెట్టించాలి. అన్నిటికంటే పొట్టి నీడ ఉత్తర దక్షిణాలను చూపిస్తుంది. ఆ పొట్టి నీడ సరిగ్గా 12 గంటలకు పడకపోవడం పిల్లలకు వింతగా తోస్తుంది. భారత ప్రామాణిక సమయం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశానిది. ఆ రేఖ కాకినాడకు చాలా దగ్గరగా వెళుతుంది. హైదరాబాదు దానికి నాలుగు డిగ్రీలు పడమర, డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున అక్కడ అసలు మధ్యాహ్నం సగటున 16 నిమిషాలు ఆలస్యం. నెలను బట్టి ఇందులో కొన్ని నిమిషాల తేడా ఉంటుంది.

మన రెండు రాష్ట్రాలూ కర్కటరేఖకు దిగువన ఉన్నాయి కనుక ఏడాదిలో రెండు రోజులు మధ్యాహ్నం నీడ పూర్తిగా మాయమవుతుంది. హైదరాబాదులో ఆ రోజులు మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో వస్తాయి. దక్షిణాన తిరుపతి వైపు వెళ్లేకొద్దీ మొదటిది ఏప్రిల్ చివరికి, రెండోది ఆగస్టు మధ్యకు జరుగుతాయి. మే నెల తేదీ సెలవుల్లో పడుతుంది. ఆగస్టు తేదీన బడి ఉంటుంది గాని మబ్బులుంటాయి. అందుకే ఆ తేదీకి ముందు వెనకల మరో రెండు రోజులు కూడా కర్రను సిద్ధంగా ఉంచాలి. ఒక రోజు తేడాతో నీడ అర సెంటీమీటరు కూడా మించదు.

వివరణలో తప్పు దొర్లకుండా

కొవ్వొత్తిని నీళ్ల పళ్లెంలో నిలబెట్టి వెలిగించి, గాజు గ్లాసు బోర్లిస్తే, మంట ఆరి నీళ్లు గ్లాసులోకి ఎక్కుతాయి. గాలిలో అయిదో వంతు ఉన్న ఆక్సిజన్ ఖర్చయింది కనుక నీళ్లు అయిదో వంతు ఎక్కాయని చాలా తరగతుల్లో చెబుతుంటారు. ఈ వివరణ తప్పు. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది, మండడం వల్ల కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం వేడి. మంట వల్ల గ్లాసులోని గాలి వ్యాకోచించి కొంత బయటికి పోతుంది, ఆరాక మిగిలిన గాలి చల్లబడి కుంచించుకుపోతుంది, బయటి గాలి పీడనం నీటిని లోపలికి నెడుతుంది.

పిల్లలతో దీన్ని తేల్చవచ్చు. ఒక కొవ్వొత్తితో ఒకసారి, మూడింటితో ఒకసారి అదే గ్లాసును బోర్లించి చూడాలి. ఆక్సిజనే కారణమైతే రెండుసార్లూ నీళ్లు ఒకే ఎత్తుకు ఎక్కాలి. మూడు కొవ్వొత్తులతో ఎక్కువ ఎక్కుతాయి. గ్లాసు బోర్లించేటప్పుడు అంచు నుంచి బుడగలు రావడం, నీళ్లు ప్రధానంగా మంట ఆరాకే ఎగబాకడం కూడా చూపించాలి. పుస్తకంలో ఉన్న వివరణనైనా పరీక్షకు నిలబెట్టవచ్చని తెలియడం ఈ ప్రయోగానికి అసలు ఫలితం.

భద్రత

గోడ ప్లగ్గు కరెంటుతో ఏ ప్రయోగమూ పిల్లలతో చేయించకూడదు. సర్క్యూట్లకు 1.5 వోల్టుల టార్చి సెల్లులు చాలు. ఎర్ర ఎల్ఈడీ వెలగాలంటే రెండు సెల్లులు వరసగా కలపాలి, దానికి చిన్న రెసిస్టరు జోడించాలి, పొడుగు కాలు ధన కొస వైపు ఉండాలి. గుండీల్లాంటి చిన్న సెల్లులు మింగితే ప్రాణాపాయం కనుక ప్రాథమిక తరగతుల్లోకి వాటిని రానివ్వకూడదు. సున్నం కంట్లో పడితే చూపుకే ప్రమాదం, అందుకే తేటను డ్రాపరుతో ఉపాధ్యాయుడే పోయాలి, కడుక్కోవడానికి బకెట్టు నీళ్లు పక్కనే ఉండాలి. పాదరసం థర్మామీటర్లు వద్దు. మంటతో పని ఉన్నప్పుడు జడలు ముడివేయించి, చున్నీలు వెనక్కి కట్టించాలి. పరీక్షించే ద్రవాన్ని నిమ్మరసమైనా సరే నాలుక మీద వేసుకోకూడదనే నియమాన్ని మొదటి రోజు నుంచే పాటించాలి.

ఫలితం తప్పినప్పుడు, మార్కులు వేసేటప్పుడు

ఒక జట్టుకు మిగతా వాళ్లకు భిన్నంగా వస్తే ఆ అంకెలను కొట్టివేయించకూడదు. బోర్డు మీద అన్ని జట్ల అంకెలూ పక్కపక్కన రాసి, వేరుగా ఉన్న జట్టుతో మళ్లీ చేయించాలి. రెండోసారి సరిపోతే తేడా ఎక్కడ వచ్చిందో వెతకాలి, మళ్లీ అలాగే వస్తే వాళ్ల సామానులో ఏదో ఉంది, అదే ఆ రోజు అసలైన పరిశోధన. ఊహ తప్పినందుకు మార్కులు తగ్గించడం అన్నిటికంటే చెడ్డ పని. ఆ మరుసటి రోజు నుంచి పిల్లలు ఫలితం చూశాకే ఊహ రాస్తారు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు బడులతో మొదలై, 2002లో ప్రభుత్వం ఆపేసేదాకా ముప్పై ఏళ్లు నడిచిన సైన్స్ బోధన కార్యక్రమంలో మాధ్యమిక తరగతుల పిల్లలు పుస్తకాలు దగ్గర పెట్టుకొనే రాత పరీక్ష రాసేవారు, ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. ఆ పద్ధతిని మన యూనిట్ పరీక్షల్లో చిన్న స్థాయిలోనైనా అమలు చేయవచ్చు. లోలకం పాఠం అయ్యాక ప్రతి జట్టుకూ దారం, నట్టు ఇచ్చి, "పది ఊపులకు 12 సెకన్లు పట్టే లోలకం తయారు చేయండి" అని అడగాలి. జవాబు సుమారు 36 సెంటీమీటర్లు. కొందరు గ్రాఫు నుంచి చదువుతారు, కొందరు 25, 50ల మధ్య తడుముకుంటూ చేరుకుంటారు. పది మార్కులనుకుంటే సరైన పొడవుకు మూడే ఇచ్చి, మిగిలిన ఏడింటిని వాళ్లు రాసిన పట్టికకూ, ఒక్కో ప్రయత్నంలో ఏం మార్చారో ఎందుకు మార్చారో చెప్పిన వాక్యాలకూ కేటాయించాలి.